మానిటర్ మౌనంగా ఉంటే ఏమని అర్థం?

కొత్త తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం.

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో కూర్చున్నవాళ్లకి నా మాట వినపడుతోందా? వినపడితే ఒకసారి చెయ్యెత్తండి. సరే, సంతోషం. ఇప్పుడు ఒక్క క్షణం ఆలోచించండి. మీరు చెయ్యెత్తలేదనుకోండి, నాకేం తెలిసేది? మీకు వినపడలేదనుకోవాలా, వినపడినా ఊరుకున్నారనుకోవాలా? తెలిసే దారే లేదు. బేబీ మానిటర్ గురించి నేను చెప్పదలచుకున్నది సరిగ్గా ఇదే.

పక్క గదిలో పాప పడుకుంది. మీ దగ్గర మానిటర్ ఉంది. అందులోంచి ఏ చప్పుడూ రావడం లేదు. ఏమని అర్థం? పాప హాయిగా నిద్రపోతోందని ఒక అర్థం. మానిటర్ పనిచేయడం లేదని ఇంకో అర్థం. ప్లగ్ ఊడి ఉండొచ్చు, బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు, వైఫై పోయి ఉండొచ్చు, ఫోను సైలెంట్‌లో ఉండొచ్చు. చెవికి మాత్రం రెండు మౌనాలూ ఒకేలా ఉంటాయి. ఈ రెండింటికీ తేడా మనకు తెలిసేలా మానిటర్‌ని పెట్టుకున్నామా, లేదా? అన్నిటికంటే ముందు నేను చూసేది అదే. తెర ఎంత పెద్దది, యాప్‌లో ఎన్ని హంగులున్నాయి, ఇవన్నీ ఆ తర్వాతే.

ఇది ఈ మధ్య వచ్చిన వస్తువేమీ కాదు. 1932లో అమెరికాలో ప్రసిద్ధ విమాన చోదకుడు చార్లెస్ లిండ్‌బర్గ్ పసికొడుకును రాత్రివేళ, ఇంట్లో పడుకోబెట్టిన గదిలోంచే ఎత్తుకుపోయారు. ఆ వార్త ఎందరో తల్లిదండ్రులకు నిద్ర లేకుండా చేసింది. జెనిత్ రేడియో కంపెనీ అధిపతి యూజీన్ మెక్‌డొనాల్డ్ దాని గురించి ఆలోచించాడు. 1937లో ఆ కంపెనీ ‘రేడియో నర్స్’ అనే పరికరం తెచ్చింది. దానికి రూపం ఇచ్చినవాడు శిల్పి ఇసాము నొగుచి. పాప గదిలో ఒక మైకు, పెద్దల దగ్గర ఒక రిసీవర్. మధ్యలో శబ్దం ఇంటి కరెంటు తీగల గుండానే ప్రయాణించేది. ఇన్నేళ్లలో తీగలు పోయాయి, కెమెరాలొచ్చాయి, ఫోన్లొచ్చాయి. పని మాత్రం మారలేదు. ఒక గదిలోని చప్పుడును ఇంకో గదికి చేర్చడం. అంతే. అది పాపకి కాపలా కాయదు. మనకి వినిపిస్తుంది. కాపలా కాయాల్సింది మనమే.

ఇప్పుడు దొరికేవాటిలో రకాలు చూద్దాం. పాత తరహా అనలాగ్ మానిటర్లు ఉన్నాయి, 49 మెగాహెర్ట్జ్ లాంటి ఫ్రీక్వెన్సీల్లో పనిచేసేవి. వీటిలో పక్కింటి పాప ఏడుపు మనింట్లో వినపడటం, మనింటి మాటలు వాళ్లకి వినపడటం మామూలే. అదే ఛానల్‌లో రిసీవర్ ఉన్న ఎవరైనా వినొచ్చు. రెండోది డెక్ట్ అనే డిజిటల్ రకం. కార్డ్‌లెస్ ఫోన్ల పద్ధతే, 1.9 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. మూడోది సొంత తెరతో వచ్చే వీడియో మానిటర్. ఇది ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్‌లో, ఒక ఫ్రీక్వెన్సీ నుంచి ఇంకోదానికి మారుతూ నడుస్తుంది. నాలుగోది వైఫై కెమెరా. దీనికి తెర మన ఫోనే.

ఏది మంచిదని అడుగుతారు. నా అభిప్రాయం చెబుతాను. ఇంట్లోనే ఉండి వాడుకునేట్టయితే, సొంత రిసీవర్ ఉన్న డిజిటల్ మానిటర్ చాలు. ఎందుకంటే వాటిలో చాలావరకు, లింకు తెగిపోగానే రిసీవరే బీప్ బీప్‌మని అరుస్తుంది. ‘నేను వినలేకపోతున్నాను’ అని అదే చెబుతుంది. మనకి కావలసింది అదే కదా! వైఫై కెమెరాతో ఆఫీసు నుంచి కూడా పాపని చూసుకోవచ్చు, నిజమే. కానీ అక్కడ గొలుసు పొడవు. కెమెరా, రౌటర్, ఇంటర్నెట్, కంపెనీ సర్వర్, ఫోను, ఫోన్లో యాప్. ఏ ఒక్కటి ఆగినా మౌనమే. వాడొద్దని అనడం లేదు. వాడితే ఆ గొలుసంతా మన చేతిలో ఉందో లేదో చూసుకోవాలంటున్నాను.

ఇక పెట్టడం. ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్తాను, దయచేసి వినండి. పాప దగ్గరుండే యూనిట్‌కి తీగ ఉంటుంది. ఆ తీగ పాప పడక నుంచి కనీసం ఒక మీటరు దూరంలో ఉండాలి. కనీసం ఒక మీటరు. పడక కమ్మీకి కెమెరా తగిలించడం, తీగని కమ్మీల మధ్యలోంచి లాగడం, అస్సలు వద్దు. అమెరికాలో మానిటర్ తీగలు మెడకి చుట్టుకుని ఇద్దరు పసివాళ్లు చనిపోయిన తర్వాత, 2011లో సుమారు 17 లక్షల వీడియో మానిటర్ల విషయంలో హెచ్చరిక లేబుళ్లూ, కొత్త సూచనలూ ఇవ్వాల్సి వచ్చింది. యంత్రంలో లోపం ఏమీ లేదు. తీగ అందే దూరంలో ఉంది, అంతే. ఇవాళ నెలల పాప చెయ్యి అంత దూరం రాదు అనుకుంటాం. నాలుగైదు నెలలకి దొర్లుతుంది. ఆ తర్వాత కమ్మీ పట్టుకుని లేచి నిలబడుతుంది. అందుకని ఇవాళ్టి పాపని కాదు, రాబోయే పాపని ఊహించుకుని తీగ పెట్టండి. గోడ వెంబడి తీగని క్లిప్పులతో బిగించండి. కెమెరాని గోడకో, కదలని అరకో బిగించండి. సరిగ్గా పాప తల మీదకి మాత్రం వద్దు. పడితే పక్కన పడాలి.

దూరంగా పెడితే వినపడదేమో అని కొందరి టెన్షన్. ఆ భయం అక్కర్లేదు. ఇప్పటి మైకులు రెండు మీటర్ల దూరం నుంచి ఏడుపుని బాగానే పట్టుకుంటాయి. పైగా మరీ దగ్గరగా పెడితే ప్రతి ఊపిరి చప్పుడూ పెద్దదై వినపడి, మీరు రాత్రంతా లేస్తూ కూర్చుంటారు.

పెట్టాక ఏం చేయాలి? పరీక్ష చేయాలి. ఒకరు పాప గదిలో కూర్చుని మామూలు గొంతుతో ఆపకుండా అంకెలు లెక్కపెట్టండి. ఇంకొకరు రిసీవర్ పట్టుకుని ఇల్లంతా తిరగండి. వంటింట్లోకి వెళ్లండి, స్నానాల గదిలోకి వెళ్లండి, మేడ మీదకి, పెరట్లోకి వెళ్లండి. తలుపులు రాత్రి ఎలా ఉంటాయో అలాగే మూసి చేయండి. ఎక్కడ అంకెలు తెగిపోతున్నాయో చూసుకోండి. డబ్బా మీద 300 మీటర్లు అని రాసి ఉంటుంది. అది ఖాళీ మైదానంలో లెక్క. మనింట్లో కాంక్రీటు గోడలుంటాయి, ఇనుప బీరువా ఉంటుంది, పెద్ద అద్దం ఉంటుంది, చేపల తొట్టి ఉంటుంది. లోహమూ, నీళ్లూ సిగ్నల్‌ని బాగా అడ్డుకుంటాయి. డబ్బా మీది అంకెని కాదు, మీ ఇంట్లో నడిచి చూసిన దూరాన్ని నమ్మండి.

ఇంకో పరీక్ష ఉంది. దీన్ని దాదాపు ఎవరూ చేయరు, అందుకే గట్టిగా చెబుతున్నాను. రిసీవర్ పని చేస్తుండగా, పాప గదిలోని యూనిట్ ప్లగ్ పీకేయండి. పీకేసి, మీ దగ్గరున్న రిసీవర్ ఏం చేస్తుందో చూడండి. అరుస్తుందా? ఎంతసేపటికి అరుస్తుంది? లేక ఏమీ కానట్టు ఊరుకుంటుందా? వైఫై కెమెరా అయితే రౌటర్ కూడా ఆపి చూడండి. ఫోనుకి ఏమైనా సందేశం వచ్చిందా? చాలా యాప్‌లలో ‘కెమెరా ఆఫ్‌లైన్ అయితే చెప్పు’ అనే సెట్టింగు విడిగా ఉంటుంది, దాన్ని మనమే ఆన్ చేసుకోవాలి. ఈ పరీక్షలో మీ మానిటర్ ఊరుకుంటే, రాత్రి కూడా ఊరుకుంటుంది. అప్పుడు మీరే మధ్యమధ్యలో లేచి దాని లైటు చూసుకోవాలి.

కరెంటు పోతే ఏమవుతుందో కూడా అప్పుడే చూసుకోండి. మానిటర్‌కి బ్యాటరీ ఉండి రౌటర్‌కి లేకపోతే, వైఫై కెమెరాకి ఆ బ్యాటరీ వల్ల ప్రయోజనం లేదు. రౌటర్‌కి చిన్న యూపీఎస్ పెట్టుకోవడం మంచిది.

వాయిస్ మోడ్ గురించి కొంచెం చెప్పాలి. చప్పుడు వచ్చినప్పుడే రిసీవర్ మోగడం, లేనప్పుడు నిశ్శబ్దంగా ఉండటం. బ్యాటరీ మిగులుతుంది, పెద్దలకి నిద్రా దొరుకుతుంది. కానీ ఎంత చప్పుడుకి మోగాలి అన్నది మనమే సరిచేసుకోవాలి. ఎక్కువ సున్నితంగా పెడితే ఫ్యాను హోరుకే మోగుతూ ఉంటుంది. విసిగిపోయి వాల్యూమ్ తగ్గించేస్తారు. అసలు ప్రమాదం అక్కడుంది. తక్కువ సున్నితంగా పెడితే గట్టి ఏడుపు వస్తుంది గానీ, దగ్గూ, చిన్న మూలుగూ, కక్కుకున్న చప్పుడూ రావు. ఏం చేయాలి? రాత్రి ఉండే పరిస్థితిలోనే సరిచేయాలి. ఫ్యానో ఏసీనో వేసి, తలుపు మూసి, దాని చప్పుడుకి మోగనంతవరకు తగ్గించి, అక్కడ ఆపండి. ఆ తర్వాత గదిలో మెల్లగా దగ్గి చూడండి. మోగితే సరే. మోగకపోతే ఫ్యానుకీ మైకుకీ దూరం పెంచండి. మొదటి నెలల్లో మాత్రం వాయిస్ మోడ్ వద్దు, ఎప్పుడూ వినిపించేలానే ఉంచండి అంటాను. సన్నగా గది చప్పుడు వినపడుతూ ఉంటే, లింకు బతికుందని మీ చెవికే తెలుస్తుంది.

రెండు రకాల రొద గురించి ఎక్కువమంది అడుగుతారు. చెవులు చిల్లులు పడేలా కీచుమని కూత వస్తోందంటే, రిసీవర్ పాప యూనిట్‌కి దగ్గరగా ఉందన్నమాట. రిసీవర్ స్పీకర్ చప్పుడు మళ్లీ మైకులోకి వెళ్లి తిరుగుతోంది. దూరం జరగండి, వాల్యూమ్ తగ్గించండి, ఆగిపోతుంది. పాడైందనుకుని విప్పొద్దు. అలా కాక, సమయం సందర్భం లేకుండా గరగర, బొమ్మ ముక్కలు ముక్కలుగా రావడం ఉందంటే, అది ఎప్పుడొస్తోందో గమనించండి. మైక్రోవేవ్ ఓవెన్ నడిచేటప్పుడా? అది కూడా 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తుంది. వైఫై రౌటర్ పక్కన పెట్టారా? రెండూ ఒకే చోట గట్టిగా మాట్లాడుకుంటే ఎవరి మాటా వినపడదు. యూనిట్లని వాటికి దూరంగా జరపండి, ఛానల్ మార్చే వీలుంటే మార్చండి.

వైఫై కెమెరా మొదటిసారి కలపడంలో అందరూ పడే ఇబ్బంది ఒకటుంది. పాస్‌వర్డ్ సరిగ్గానే కొడతారు, అయినా కలవదు. చాలా కెమెరాలకి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే తెలుసు. ఫోనేమో 5 గిగాహెర్ట్జ్‌లో ఉంటుంది. రౌటర్ రెండింటికీ ఒకే పేరు పెట్టేస్తుంది. అందుకని రౌటర్ సెట్టింగుల్లో 2.4కి వేరే పేరు పెట్టి, ఫోనుని దానికి కలిపి, అప్పుడు కెమెరాని కలపండి. రౌటర్‌లో వైఫై భద్రత పద్ధతి డబ్ల్యూపీఏ3 మాత్రమే అని ఉంటే కొన్ని పాత కెమెరాలు కలవవు, దానికంటే పాతదైన డబ్ల్యూపీఏ2 కూడా ఒప్పుకునేలా మార్చాలి. కలిపేటప్పుడు కెమెరాని రౌటర్ ఉన్న గదిలోనే పెట్టుకుని, కలిశాక పాప గదికి తీసుకెళ్లండి.

పగలంతా బాగా పనిచేసి, చీకటి పడగానే ఆగిపోతూ, మళ్లీ మొదలవుతూ ఉంటే? అడాప్టర్ చూడండి. చీకట్లో చూడటానికి కెమెరాలో ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలుగుతాయి, అప్పుడు అది ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. డబ్బాతో వచ్చిన అడాప్టర్ బదులు ఇంట్లో ఉన్నదేదో పెట్టినా, పొడవాటి సన్నని యూఎస్‌బీ తీగ వాడినా ఆ కరెంటు చాలదు. ఇదొక్కటి తెలియక మంచి కెమెరాలని పాడయ్యాయని పక్కన పెట్టేస్తున్నారు.

రాత్రి తెర అంతా తెల్లగా మంచు కమ్మినట్టు కనపడితే, ఆ ఇన్‌ఫ్రారెడ్ వెలుగు దేనికో తగిలి వెనక్కి వస్తోందని అర్థం. దోమతెరలోంచి చూస్తున్నా, అద్దం లోంచి చూస్తున్నా, పక్కనే తెల్లటి గోడ ఉన్నా ఇలా అవుతుంది. కెమెరాని కాస్త పక్కకి తిప్పండి. లెన్స్ మీద దుమ్మూ, సాలెగూడూ ఉన్నాయేమో మెత్తటి గుడ్డతో తుడవండి. రాత్రి బొమ్మ నలుపూ తెలుపూగా ఉండటం మాత్రం లోపం కాదు. పాప ముఖం పాలిపోయినట్టు కనపడుతోందని కంగారుపడకండి. రంగుని ఆ తెర మీద చూసి తేల్చుకోలేం, అనుమానం వస్తే లేచి వెళ్లి లైటు వేసి చూడాల్సిందే.

గది వేడి చూపించే అంకె కూడా అంతే. కెమెరా తనే కొంచెం వేడెక్కుతుంది, ఆ వేడి కూడా కలుస్తుంది. పక్కన మామూలు థర్మామీటర్ పెట్టి ఒకసారి పోల్చుకోండి.

ఇక ఫోను. పగలంతా మోగిన ఫోను రాత్రి మోగలేదంటారు. రాత్రయితే ఫోను దానంతటదే ‘డు నాట్ డిస్టర్బ్’లోకి వెళ్తుంది, ఆ టైము మనమే ఎప్పుడో పెట్టి మరిచిపోయి ఉంటాం. మానిటర్ యాప్‌కి అందులో మినహాయింపు ఇవ్వాలి. బ్యాటరీ ఆదా చేసే సెట్టింగు కూడా వెనకాల నడిచే యాప్‌ని ఆపేస్తుంది. అక్కడా ఈ యాప్‌ని వదిలేయమని చెప్పాలి. ఫోను అప్‌డేట్ అయిన రోజున ఈ రెండూ మళ్లీ చూసుకోండి.

మన గదిలోకి వేరేవాళ్లు

కెమెరా అంటే కిటికీ. మూసి ఉందో లేదో చూసుకోవాలి. 2012లో ట్రెండ్‌నెట్ అనే కంపెనీ కెమెరాలు దాదాపు 700 చోట్ల నుంచి చూపిస్తున్న దృశ్యాలు ఇంటర్నెట్‌లో బయటపడ్డాయి. నిద్రపోతున్న పసిపిల్లలు కూడా వాటిలో ఉన్నారు. 2013లో అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ కంపెనీ మీద చర్య తీసుకుంది. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్, అంటే హాని చేసే సాఫ్ట్‌వేర్, ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డ్‌లు మార్చని కెమెరాలని వెతికి పట్టుకుని వాడుకుంది. 2024 ఏప్రిల్ నుంచి బ్రిటన్‌లో, అందరికీ తెలిసిపోయే పాస్‌వర్డ్‌తో ఇలాంటి పరికరాలు అమ్మడాన్ని చట్టం ఒప్పుకోదు.

కాబట్టి డబ్బాతో వచ్చిన పాస్‌వర్డ్ మొదటి రోజే మార్చండి. మెయిల్‌కి వాడే పాస్‌వర్డ్ ఇక్కడ వాడొద్దు. పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే రెండంచెల లాగిన్ ఉంటే ఆన్ చేయండి. ఫర్మ్‌వేర్‌కి, అంటే కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్‌కి, అప్‌డేట్ వస్తే వాయిదా వేయొద్దు. ఇంట్లో సాయానికి వచ్చినవాళ్లకి యాప్‌లో పంచుకున్న అనుమతి, వాళ్లు వెళ్లిపోయాక తీసేయండి. వాళ్లు వెళ్లిపోయే రోజున ఈ ఒక్క పని మనకి గుర్తుండదు.

ఇప్పుడు నా మనసులో అన్నిటికన్నా బరువుగా ఉన్న మాట. ఊపిరినీ, గుండె చప్పుడునీ, ఆక్సిజన్‌నీ లెక్కపెట్టే సాక్సులూ, పరుపు కింది ప్యాడ్లూ వచ్చాయి. కొన్నవాళ్ల ప్రేమని నేను తప్పుపట్టను. కానీ అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 2022 సూచనల్లో స్పష్టంగా చెప్పింది: నిద్రలో పసివాళ్ల ఆకస్మిక మరణాల ముప్పు తగ్గించే మార్గంగా ఇంట్లో ఇలాంటి మానిటర్లని నమ్ముకోవద్దు. ముప్పు తగ్గించేవి వేరే ఉన్నాయి. వెల్లకిలా పడుకోబెట్టడం. గట్టిగా, సమతలంగా ఉండే పడక. అందులో దిండ్లు, దుప్పట్లు, బొమ్మలు లేకపోవడం. కనీసం మొదటి ఆరు నెలలు పెద్దలు పడుకునే గదిలోనే పాపకి వేరే పడక. ఇల్లంతా పొగ లేకుండా ఉండటం. సాక్సు వేశాం కదా అని బోర్లా పడుకోబెట్టడమో, సోఫాలో వదిలేయడమో చేస్తే, మానిటర్ వల్ల భద్రత పెరగలేదు, తగ్గింది. మీకు అర్థమవుతోంది కదా నేను ఎందుకు ఇంత పట్టుబడుతున్నానో?

మరి మానిటర్‌లో ఏం వినాలి? పుట్టిన కొత్తలో పాపలు నిద్రలో చాలా చప్పుడు చేస్తారు. మూలుగుతారు, ముక్కుతారు, కాళ్లు కొడతారు, ఒక చిన్న ఏడుపు ఏడ్చి మళ్లీ పడుకుంటారు. ప్రతి చప్పుడుకీ పరుగెత్తి ఎత్తుకుంటే నిద్రలో ఉన్న పాపని మనమే లేపినట్టు. కాసేపు వినండి. ఏడుపు పెరుగుతోందా, తగ్గుతోందా? నాలుగు రోజులు వింటే మీకే తెలిసిపోతుంది. ఊపిరి కూడా ఒకే లయలో ఉండదు. గబగబా పీల్చి, 5 నుంచి 10 సెకన్లు ఆగి, మళ్లీ మొదలుపెట్టడం కొత్త పాపల్లో మామూలే. కానీ 20 సెకన్ల దాకా ఆగినా, పెదాలు నీలంగా మారినా, ఒళ్లు వాలిపోయినా, మానిటర్ ఏం చూపిస్తోందని చూస్తూ కూర్చోవద్దు. వెంటనే అత్యవసర వైద్య సాయం పిలవండి.

అడిగిన కొన్ని ప్రశ్నలు

పాత ఫోన్లు రెండు పెట్టి మానిటర్‌లా వాడుకోవచ్చా అని అడిగారు. వాడొచ్చు, అలాంటి యాప్‌లున్నాయి. కానీ రాత్రంతా చార్జింగ్‌లో ఉండే పాత ఫోను బ్యాటరీ ఉబ్బే అవకాశముంది. వీపు ఉబ్బినట్టున్నా, చేతికి వేడిగా తగులుతున్నా ఆ ఫోను వద్దు. పాప పడకలో అసలే పెట్టొద్దు. ప్లగ్ పీకే పరీక్ష దీనికీ చేయండి.

తాతగారికి వినికిడి తక్కువ, పగలు పాప ఆయన దగ్గరే ఉంటుంది అన్నారు. చప్పుడుని బట్టి లైట్ల వరుస వెలిగే రిసీవర్లున్నాయి, జేబులో పెట్టుకుంటే వణికేవీ ఉన్నాయి. వణికేది తీసుకోండి. ఆయన నిద్రపోయే సమయంలో దిండు కింద పెట్టుకోవచ్చు. ఆయన చేతికిచ్చి, ఆయనతోనే ఇల్లంతా నడిపించి పరీక్ష చేయించండి. ఇంకెవరో చేసి చెబితే సరిపోదు.

పాప పెద్దదయ్యాక ఇది ఇంకొకరికి ఇవ్వొచ్చా? ఇవ్వొచ్చు. వైఫై కెమెరా అయితే ముందు మీ యాప్‌లోంచి దాన్ని తీసేయండి, ఆ తర్వాత కెమెరా మీది రీసెట్ బటన్ నొక్కి ఫ్యాక్టరీ సెట్టింగులకి తేండి. రీసెట్ ఒక్కటే చేసి ఊరుకుంటే కొన్ని కెమెరాలు మీ అకౌంటుకే కట్టుబడి ఉంటాయి, తీసుకున్నవాళ్లకి కలవవు. అసలు అడాప్టర్ కూడా దాంతో ఇవ్వండి. కంపెనీ ఇంకా అప్‌డేట్లు ఇస్తోందో లేదో చూసి, ఆపేసి ఉంటే ఆ మాట తీసుకునేవాళ్లకి చెప్పండి. మెమరీ కార్డు మాత్రం తీసి మీ దగ్గరే ఉంచుకోండి, అందులో మీ ఇంటి రాత్రులన్నీ ఉంటాయి.